టీ తాగని పెట్టె

మా ఆవిడ మంగళవారం పోయింది. ఆ పొద్దున్న పనికి వెళ్ళడానికి తయారైంది. ఉప్మా సగం తిని వదిలేసింది. మంచం అంచున కూర్చుని కాన్వాస్ బూట్లు తొడుక్కోబోయింది. కుడి కాలి బూటు తొడిగి తాడు కట్టింది. ఎడమది చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. "ఒంట్లో బాగాలేకపోతే మానెయ్" అన్నాను. "ఇయాల ఎల్లాలండి, తప్పదు" అంది. ఎందుకో చెప్పలేదు. మంచినీళ్ళు అడిగింది. నేను గ్లాసుతో వచ్చేసరికి పక్కకి ఒరిగిపోయి ఉంది. ఏదో అంది గానీ అర్థం కాలేదు. ఎదురింటివాళ్ళు ఆటో పిలిచారు. ఆసుపత్రిలో ఆమెను లోపలికి తీసుకెళ్ళి నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. మధ్యాహ్నం ఒక డాక్టరు వచ్చి, గుండె అని చెప్పాడు. సాయంత్రానికి ఇంటికి తీసుకొచ్చాం.

జరిగింది ఇంతే. దీన్నే చాలామంది చాలా రకాలుగా చెబుతున్నారు. అదృష్టవంతురాలు, మంచాన పడకుండా వెళ్ళిపోయింది అన్నవాళ్ళున్నారు. ఆ మాట అన్న ప్రతివాళ్ళ మొహం నేను పరీక్షగా చూశాను, నమ్మి అంటున్నారా, ఏమీ తోచక అంటున్నారా అని. తోచకే అంటున్నారని తేల్చుకున్నాను. నా స్వభావం అలాంటిది. వన్ టౌన్‌లో ఒక క్లియరింగ్ ఏజెన్సీలో, పోర్టుకి వచ్చే సరుకు కాగితాలు చూసే ఉద్యోగం నాది. పెట్టె మీద రాసి ఉన్నది ఒకటి, లోపల ఉన్నది ఇంకోటి. ఏళ్ళ తరబడి అదే చూస్తే మనిషి ఇలాగే తయారవుతాడు.

ఆవిడ అనుమానం వేరే జాతిది. మనుషుల్ని ఇట్టే నమ్మేది, వస్తువుల్ని చచ్చినా నమ్మేది కాదు. మా ఇద్దరినీ దాటుకుని ఇంట్లోకి ఏదీ తేలిగ్గా వచ్చేది కాదు. కొత్త కుక్కర్ కొంటే నేను దుకాణంవాణ్ణి అనుమానించాను, ఆవిడ కుక్కర్ పిడిని అనుమానించింది. దుకాణంవాడు మంచివాడే. పిడి మాత్రం నెల తిరక్కుండా ఊడింది.

ఆమె పని గురించి చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. ఆటోనగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో సర్క్యూట్ బోర్డులు తయారు చేయించేది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివింది. బోర్డు గీయడం దగ్గర్నుంచి, పెట్టెలో బిగించి బయటికి పంపేదాకా ఆమె చూపు పడాల్సిందే. అన్నిటికంటే ఎక్కువ ఆలోచించేది మాత్రం మనం ఎవరం పట్టించుకోని ఒక ముక్క గురించి. మీ ఇంట్లో ఇంటర్నెట్ పెట్టె ఉంటే దాని వెనక చూడండి. తీగె కొస క్లిక్కుమని దిగే చదరపు గుంట ఒకటి ఉంటుంది. అదే నెట్‌వర్క్ సాకెట్. దాన్ని బోర్డు మీద ఎలా కూర్చోబెట్టాలి? ఆమె సగం జీవితం ఆ ప్రశ్నతోనే గడిచింది.

పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒక రకం సాకెట్‌కి సన్నటి కాళ్ళుంటాయి. బోర్డులో రంధ్రాలు పెట్టి, ఆ కాళ్ళను అవతలికి దించి, వెనకవైపు సోల్డర్, అంటే కరిగించిన లోహపు అతుకు, వేస్తారు. రెండో రకానికి రంధ్రాలు అక్కర్లేదు. బోర్డు మీద పల్చటి రాగి రేకులు అతికించి ఉంటాయి, వాటి మీద పాదాలు ఆనించి అక్కడే సోల్డర్ చేస్తారు. దీన్ని యంత్రమే పెట్టేస్తుంది, పని చకచకా అవుతుంది. కాళ్ళ సాకెట్‌కి మనిషి చెయ్యి పడాలి.

ఆమె రెండో రకానికి శత్రువేమీ కాదు. ఒక బడిలో గంట మోగించే పెట్టెకి తనే దాన్ని ఎంచింది. "గోడకి ఎత్తుగా బిగిస్తారు. తీగె ఒకసారి దూరిస్తే మళ్ళీ ఎవరూ ముట్టరు. దానికి కాళ్ళెందుకండీ?" అంది. ప్రతి పనికీ ముందు ఆమె వేసుకునే ప్రశ్న ఒక్కటే, ఈ తీగెని ఎవరు పీకుతారు అని. ఊడ్చే మనిషి చీపురుతో లాగుతుందా, కుర్చీ చక్రం కింద పడుతుందా, తాళంచెవి కనపడక చిరాకులో ఎవరైనా గుంజుతారా. "పీకేవోడు మనల్ని అడిగి పీకడు" అనేది. ఉప్పుగాలి ఊళ్ళో సాకెట్ నోరు ఆకాశం చూడకూడదనేది. నోరు కిందికి ఉంటే చెమ్మ నిలవదట.

ఒకసారి నా పని మీద రుషికొండ వైపు ఒక కంపెనీకి వెళ్తే తోడు వచ్చింది. నేను లోపల మాట్లాడి బయటికొచ్చేసరికి సెక్యూరిటీ అతను ఆమె ముందు నిలబడి ఉన్నాడు.

"ఏటమ్మా, ఆ వైరట్టుకు లాగతన్నారు?"

"ఏటీ లేదు బాబూ. గట్టిగుందో లేదో సూత్తన్నాను."

"మీరు కంప్లెయింటుకి వొచ్చినారా?"

"లేదు. మా ఆయనతో వొచ్చాను."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. ఆ 'ఆయన' నేను కాదు, వేరే ఎవరో అన్నట్టు కాసేపు నిలబడదామనుకున్నాను. ఆమె అప్పటికే నన్ను వేలితో చూపించేసింది.

ఆమెను మొదట చూసింది మా ఆఫీసులో. విదేశం నుంచి వచ్చిన పార్సిల్ విడిపించుకోవడానికి వర్క్‌షాపు తరఫున వచ్చింది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, సంతకం పెట్టమన్నాను. పెట్టలేదు. పార్సిల్ విప్పించి, ఒక సాకెట్ తీసి, దాని కాలు రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ వంచింది.

"కాగితాలన్నీ నేను చూశానండీ" అన్నాను.

"కాయితం సూసారు. కాలు సూడలేదు కదా" అంది.

నాకు కోపం వచ్చింది. నెల తిరిగేసరికి అది కోపం కాదని తెలిసింది. అప్పటికే మా ఇద్దరికీ పెళ్ళి వయసు దాటిపోయిందని రెండు వైపులా చుట్టాలు తీర్మానించుకున్నారు. వాళ్ళు వద్దన్న కారణాలు వేరు, అవి ఇక్కడ అక్కర్లేదు. మాకు పిల్లలు లేరు.

ఆమెది చేపల వేటకెళ్ళే కుటుంబం. సముద్రం ఒడ్డునే పుట్టి పెరిగింది. వాళ్ళ నాన్న, పడవ తాడు ముడి ఎవరు వేసినా సరే, కాలు అడ్డం పెట్టి లాగి చూసిగానీ నీళ్ళలోకి దిగేవాడు కాదట. సొంత తమ్ముడు వేసినా అంతే. తమ్ముడు అలిగితే, "నిన్ను కాదొరే అనుమానించింది, ముడిని" అనేవాడట. ఆ ముసలాయన్ని నేను ఎరుగుదును. నన్ను కూడా ఒకసారి అలాగే చూశాడు, ముడిని చూసినట్టు. కూతురు పక్కన నిలబడి నవ్వింది.

తండ్రి తాడుకి చేసింది కూతురు తీగెకి చేసేది. ఆటోనగర్‌లో ఆ వీధంతా ఎరిగిన అలవాటు అది. కొత్త రకం బోర్డు తయారైతే, మొదటిదాన్ని దాని ఇనప పెట్టెలో బిగించి, సాకెట్లో తీగె దూర్చి, ఆ తీగె కొస పట్టుకుని పెట్టెని గాల్లో వేలాడదీసుకుని టీకొట్టు దాకా నడిచి వెళ్ళేది. పెట్టె బరువంతా సాకెట్ మీదే. అందుకే ఆ కాన్వాస్ బూట్లు. గతుకుల రోడ్డు, లారీలు, దుమ్ము. అడుగడుగునా పెట్టె ఊగేది. టీ తాగి, అలాగే ఊపుకుంటూ తిరిగొచ్చేది. వచ్చేదాకా సాకెట్ కదలకపోతే ఆ బోర్డు పాసైనట్టు.

టీకొట్టతను అడిగేవాడట, "మేడమ్, మీ కేరేజీక్కూడా ఓ టీ పొయ్యమంటారా?" అని. ఆ మాట వర్క్‌షాపులో నిలిచిపోయింది. ఏ కొత్త పెట్టెని చూసినా, "ఇది టీ తాగిందా?" అని అడుగుతారు. తాగకపోతే బయటికి పంపరు. యంత్రాలతో లాగి చూసే పద్ధతులు ఉంటాయి కదా అని నేనన్నాను ఒకసారి. "యంత్రం తిన్నగా లాగుద్దండి. మనిషి వొంకరగా లాగుతాడు" అంది.

ఆఖరుగా ఆమె చేయించిన పెట్టె ఐస్ ఫ్యాక్టరీలకి. దానికి కారణం ఆమె తమ్ముడు. నా బావమరిది హార్బర్లో చేపలు కొని అమ్ముతాడు, రోజూ తెల్లవారే ఐసు కోసం ఫ్యాక్టరీలోకి వెళ్తాడు. ఐసు గడ్డకట్టించే యంత్రాల్లో అమ్మోనియా ఉంటుంది. ఆమధ్య ఎక్కడో గొట్టం సందులోంచి అది బయటికొచ్చింది. అందరూ బతికారు గానీ, బావమరిది కళ్ళు చాలా రోజులు చింతనిప్పుల్లా ఉండేవి. వాడి కళ్ళలో చుక్కలు వేస్తూ ఆమె ఒకటే అడిగేది.

"ముందే వాసన రాలేదేట్రా?"

"వొచ్చింది అప్పా." అక్కని వాళ్ళు అప్ప అంటారు. "ముక్కుకి తెలిసీసరికి కళ్ళు మూసుకుపోయాయి. గుమ్మం ఎటుందో తెలీలేదు."

ముక్కు కంటే ముందు పసిగట్టే పెట్టె అలా పుట్టింది. యంత్రాల గది గోడకి ఉంటుంది. గాలిలో తేడా వస్తే కూత పెడుతుంది. కానీ ఆ గది రొదలో కూత ఎవరికీ వినపడదు. అందుకని అక్కణ్ణుంచి తీగె ఒకటి మేనేజరు గదిలోని తెరకి వెళ్తుంది. తెర మీద గాలి లెక్క చెప్పే అంకె ఒకటి నిమిషనిమిషానికీ కాస్త మారుతూ ఉంటుంది. పక్కనున్న పచ్చ దీపం ఎర్రగా మారితే మేనేజరు అందర్నీ బయటికి పంపించాలి. అంటే మనుషుల ప్రాణాలు ఆ తీగె మీద, తీగె ఆ సాకెట్ మీద. ఇంకో చిక్కు కూడా ఉంది. మధ్యలో తీగె సంబంధం తెగిపోతే తెర మీద పాత అంకె, పాత దీపమే నిలిచిపోతాయి, పచ్చగా. దాన్ని మార్చాలని ఆమె అడుగుతూనే ఉంది, తర్వాత చూద్దామంటున్నారని చెప్పింది.

"మీరు ఆ తీగె పక్కనించి నడుస్తారా?" అని తమ్ముణ్ణి అడిగింది.

"ఐసు దిమ్మ కొక్కెంతో ఈడుస్తంటే తీగెనీ సూడం, మేనేజర్నీ సూడం అప్పా. అడ్డొస్తే దేన్నైనా ఈడ్సీడమే" అన్నాడు వాడు నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. కాళ్ళ సాకెట్ పెట్టాలని ఆ రోజే అనుకుంది. నాతో అంది కూడా.

పెద్దకర్మ అయిన మర్నాడు వర్క్‌షాపు యజమాని వచ్చాడు. పాత యజమాని కొడుకు, ఈమధ్యే పగ్గాలు పట్టుకున్నాడు, బోర్డుల మీద ముక్కలు పెట్టే కొత్త యంత్రం తెప్పించాడు. ఒక చేతిలో ఆపిల్ పళ్ళ సంచి, ఇంకో చేతిలో కాగితం చుట్టిన ఫ్రేము. దండ వేసిన మా ఆవిడ ఫొటో వైపు ఒకసారి చూసి తల తిప్పేసుకున్నాడు. దాన్ని నేను గమనించాను.

"సార్, మేడమ్ ఆఖరుగా ఓకే చేసిన బోర్డు ఇది. మీ దగ్గరుండాలని అద్దం కట్టించాను" అన్నాడు. "ఐస్ ఫ్యాక్టరీ పెట్టెలన్నీ ఇంక ఈ బోర్డుతోనే సార్. మేడమ్ పేరు చెప్పుకుని మొదలెడుతున్నాం."

"మంచిది" అన్నాను.

"మేడమ్ ఓకే చేశారు సార్" అన్నాడు మళ్ళీ. నేను అడగలేదు. మంచినీళ్ళు ఇస్తే తాగకుండా వెళ్ళిపోయాడు.

నాకు బోర్డులు తెలియవు. కానీ ఆమె బోర్డు చేతిలోకి తీసుకోగానే మొదట ఏం చేసేదో తెలుసు. తిరగేసేది. ఫ్రేము వెనక అట్ట ఊడదీసి నేనూ తిరగేశాను. సాకెట్ ఉన్న చోట వెనకవైపు వేలితో తడిమాను. కాళ్ళు దిగి ఉంటే అక్కడ సోల్డర్ బొడిపెలు వేలికి తగలాలి. అద్దంలా నున్నగా ఉంది.

బావమరిది అప్పుడే వచ్చాడు.

"ఏటి బావా, ఫ్రేము ఇప్పీసావు?"

"ఈ బోర్డుకి మీ అప్ప ఒప్పుకుందట. వెనక చూడు."

తిప్పి చూశాడు. "ఏటీ లేదు."

"అదే. ఏమీ లేదు. ఆవిడ దీనికి ఒప్పుకోదు. ఆవిడ పోయింది కదా, ఇంక ఎవరు అడుగుతారని ఆవిడ పేరు వాడుకుంటున్నాడు."

"నీ పెళ్ళిలో మా నాన్న ఎట్టిన గొడుగు కూడా ఇప్పి సూసినోడివి" అన్నాడు వాడు. "ఆయన పాపం పళ్ళట్టుకొచ్చాడు, అద్దం కట్టించాడు. ఇంకేటి సెయ్యాలి బావా?"

"రేపు నన్ను ఆటోనగర్ తీసుకెళ్ళు."

వాడు గొణుక్కున్నాడు గానీ, బండి తీసుకొచ్చాడు.

యజమాని ఇంకా రాలేదు. నూకరత్నం ఉంది. చేత్తో సోల్డరింగ్ చేసే మనిషి, మా ఆవిడ పక్క బల్ల. నన్ను చూడగానే సోల్డరింగ్ కడ్డీ స్టాండు మీద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది. మా ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది, కూర్చోమంది. నేను నిలబడే అడిగాను.

"ఐస్ ఫ్యాక్టరీ పెట్టె టీ తాగిందా అమ్మా?"

"లేదు సార్."

"మరి మా ఆవిడ ఒప్పుకుందని ఆయన ఎలా చెబుతున్నాడు?"

నేను ఆమెనూ అనుమానంగానే చూశాను. కాళ్ళ సాకెట్లు పోతే ఆమె చేతి పని పోతుంది. యజమాని మీద చెప్పడానికి ఆమెకు కారణం ఉంది. ఆ సంగతి నా మొహంలో కనిపించి ఉండాలి.

"నా పని పోద్దని సెప్తన్నాననుకుంటారేమో. అనుకోండి సార్" అంది. "కానీ మేడమ్ బాగుందన్నమాట నిజం. నా సెవులతో ఇన్నాను. సార్ యంత్రం మీద కొత్త బోర్డు సేయించి అట్టుకొచ్చారు. మేడమ్ భూతద్దంలో సూసారు. సూడ్డానికి బాగుందన్నారు. రేపు టీకి తీస్కెల్తాను, అప్పుడు సెప్తాను అన్నారు."

"అప్పుడే తీసుకెళ్ళొచ్చు కదా."

"లెగలేకపోయారు సార్." ఆమె గొంతు తగ్గింది. "బల్ల అట్టుకుని లెగబోయి కూలబడ్డారు. సార్ అప్పటికే లోపలికెల్లిపోయారు. ఇంటికాడ తెలిస్తే కంగారడతారు, ఎవలికీ సెప్పొద్దే రత్నం అన్నారు. సోమారం సాయంత్రం అది."

ఇయాల ఎల్లాలండి, తప్పదు. మంగళవారం పొద్దున్న ఒంటి కాలికి బూటుతో ఆమె అన్న మాటకి అర్థం అప్పుడు తెలిసింది. నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. బావమరిది కిటికీ వైపు తిరిగాడు.

యజమాని వచ్చాడు. నన్ను అక్కడ చూసి గుమ్మంలోనే ఆగాడు.

"బాగుంది అందా మా ఆవిడ?" అని అడిగాను.

"అన్నారు సార్. ఒట్టు."

"రేపు టీకి తీసుకెళ్తాను అని కూడా అందా?"

నేల చూశాడు. అబద్ధం వస్తుందని కాచుకుని ఉన్నాను. రాలేదు.

"అన్నారు" అన్నాడు. "రేపు రాలేదు కదా సార్. ఆర్డరు ఆగిపోయింది. ఎవర్నడగాలో తెలియలేదు. మేడమ్ బాగుందంటే బాగుంటుంది, మా నాన్న టైమ్ నుంచీ అంతే కదా అనుకున్నాను."

ఇంటి నుంచి ఎన్నో మాటలు కూర్చుకుని వచ్చాను. ఒక్కటీ పనికి రాలేదు. అతను దొంగ కాడు. ఆమెను పూర్తిగా నమ్మాడు, మాట మాత్రం సగమే పట్టుకున్నాడు. వస్తువు మీద ఆమె ఉంచిన అనుమానాన్ని ఇంకొకరు మోయవచ్చని అతనికి తోచలేదు.

"ఒక పెట్టె బిగించి ఇవ్వండి" అన్నాను.

ఆమె తీగె గోడకున్న మేకుకి వేలాడుతోంది. నూకరత్నం తీసి సాకెట్లో దూర్చింది. క్లిక్కుమంది. పట్టుకుని లేచాను. బరువే. ఇంత బరువు ఊపుకుంటూ ఆమె రోడ్డు మీద నడిచేదని నాకు తెలుసు గానీ, చెయ్యి ఎంత లాగుతుందో తెలియదు. గేటు దాటాను. వెనక యజమాని, బావమరిది, నూకరత్నం. మేం నలుగురం వరసగా నడుస్తుంటే ఎదురు షెడ్డులో వెల్డింగ్ చేస్తున్న మనిషి అద్దం పైకెత్తి చూశాడు. ఊగిసలాట తగ్గించడానికి చెయ్యి బిగించి పట్టుకోబోతే నూకరత్నం అరిచింది.

"అలాగ కాదు సార్. ఊగనియ్యండి. మేడమ్ ఊపీవారు."

ఊగనిచ్చాను. టీకొట్టు కనబడుతుండగా గతుకులో నా కాలు పడింది. పెట్టె ఒక్క కుదుపు కుదిపింది. చెయ్యి తేలికైపోయింది. వెనక ఇనుము రోడ్డు మీద పడిన చప్పుడు.

తీగె నా చేతిలోనే ఉంది. దాని కొసకి సాకెట్ అలాగే పట్టుకుని ఉంది. సాకెట్ పాదాలకి అంటుకుని రాగి రేకులు, మానని పుండు మీద పెచ్చు ఊడినట్టు, బోర్డులోంచి ఊడొచ్చాయి. సోల్డర్ ఎక్కడా తప్పలేదు. అతుకు బాగానే ఉంది. అతుక్కున్న నేలే లేచొచ్చింది.

టీకొట్టతను పరిగెత్తుకొచ్చి పెట్టె ఎత్తాడు. దుమ్ము దులిపాడు.

"ఇది మేడమ్ కేరేజీ కదండీ. మీ సేతిలోకెలాగొచ్చింది? మేడమ్ రాలేదేటి?"

నేనే చెప్పాలి. "పోయింది" అన్నాను. చుట్టాలకి అందరికీ ఎవరో ఒకరు చెప్పారు. ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు. అతను పెట్టెని రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత లోపలికెళ్ళి నాలుగు టీలు పట్టుకొచ్చాడు.

నా అనుమానం నిజమైంది. సంతోషం కలగలేదు. ఆమె బతికుంటే ఈ పాటికి ఊడిన సాకెట్ని వెలుతురుకి పట్టుకుని, "మంచిదే అయింది, ఇక్కడే ఊడింది" అనేది. ఊడిన ప్రతిసారీ అలాగే అనేది. ఇంట్లో కుక్కర్ పిడి ఊడినప్పుడూ అదే అంది, పప్పు నేలపాలై ఉండగా. ఒక మనిషి పక్కన ఇన్నేళ్ళు బతికితే, పోయాక కూడా ఏం అంటుందో తెలుస్తుంది. నాకు మిగిలింది అది. తక్కువేమీ కాదు.

యజమాని టీ ముట్టలేదు. "ఆపేస్తాను సార్. అన్నీ కాళ్ళ సాకెట్‌తోనే చేయిస్తాను. రంధ్రాలున్న పాత బోర్డులు లోపల ఉన్నాయి" అన్నాడు. నూకరత్నం తల ఊపింది. అంతటితో అయిపోయిందనుకున్నాను. కానీ అతని మొహం తేటపడలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

"ఇంకేమిటి?" అన్నాను.

"ఒకటి ఇచ్చేశాను సార్. శాంపిల్‌కి. హార్బర్ దగ్గర ఐస్ ఫ్యాక్టరీకి."

బావమరిది చేతిలో గ్లాసు ఆగింది. "యంత్రాల గదిలో, తలుపు పక్కన గోడకి? బూడిద రంగు పెట్టె?"

"అదే."

"ఓరి నాయనో. తీగె కిందనించే ఉంది బావా. పొద్దున్నే దాని మీదనించే దిమ్మ ఈడ్సాను."

యజమాని ఫోన్ తీశాడు. బిగించే మనిషి శ్రీకాకుళం వెళ్ళాడట, ఎల్లుండి గానీ రాడట. ఐస్ ఫ్యాక్టరీ మేనేజరుకి చేసి, నాకూ వినపడేలా పెట్టాడు. సాకెట్ సంగతి చెప్పి, దాన్ని నమ్ముకోవద్దన్నాడు.

"ఏటి సార్ మీరూ" అన్నాడు మేనేజరు. "నా ఎదురుగుండానే ఉంది. లైటు పచ్చగా ఎలగతంది. ఏటీ కాలేదు."

"పొద్దుట్నుంచీ అంకె ఏమైనా మారిందా?" అని నేను అడిగాను.

"మారలేదండి. అంతా బాగుంది" అన్నాడు.

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నూకరత్నం అప్పటికే వర్క్‌షాపు వైపు నడుస్తోంది. పాత బోర్డుకి కాళ్ళ సాకెట్ వేసి, పరీక్షలన్నీ అయ్యి, పెట్టె బిగించేసరికి రేపు మధ్యాహ్నం అవుతుందని వెళ్తూ వెళ్తూ చెప్పింది. తనే దగ్గరుండి తెస్తానంది. యజమాని తనే బిగిస్తానన్నాడు. ఇద్దరినీ నమ్మాను. మధ్యాహ్నం దాకా ఏమిటన్నదే మిగిలింది. పొద్దున్నే ఐసు కోసం హార్బరంతా అక్కడే ఉంటుంది.

తిరుగు దారిలో బండి మీద బావమరిదికి చెప్పాను, రేపు పొద్దున్న ఫ్యాక్టరీలో నేనే కాపలా కూర్చుంటానని.

"నువ్వక్కడ కూసుని ఏటి సేత్తావు బావా?"

"వాసన చూస్తాను."

"ఆ సౌండులో నీ కేక ఎవలికి ఇనపడతాది?"

"పరిగెత్తుతాను."

"నువ్వా?" అన్నాడు. నవ్వాడు. అప్ప పోయాక వాడు నవ్వడం అదే మొదలు. నవ్వు ఎక్కడో మధ్యలో ఇంకోటిగా మారింది. బండి పక్కకి తీసి ఆపాడు. నేను వాడి భుజం మీద చెయ్యి వేశాను. కాసేపటికి మళ్ళీ స్టార్ట్ చేశాడు. "మేనేజరుకి నాను సెప్తానులే. మా బావ, ఆడి తీరే అంత, ఏటీ అనకండి అని" అన్నాడు.

రేపు పొద్దున్న నేను ఆఫీసుకి వెళ్ళను. బావమరిది ఐసుకి వెళ్ళేటప్పుడు వాడి బండి మీద హార్బరుకి వెళ్తాను. మడత కుర్చీ ఒకటి పట్టుకెళ్తాను. యంత్రాల గదికీ మేనేజరు గదికీ మధ్య గుమ్మంలో దాన్ని వేసుకుని, ఆ పచ్చ దీపం వైపు వీపు పెట్టి కూర్చుంటాను. కొత్త పెట్టె వచ్చి గోడకెక్కేదాకా లేవను.